ఎడమ పెడల్

తిరుమల్ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అంతవరకు రోడ్డుకు అవతల తన సైకిల్ దుకాణంలో కూర్చుని సక్కుబాయిని ఆటపట్టిస్తున్నవాడు, పంక్చరు ట్యూబును నీళ్ల తొట్టిలోనే వదిలేసి లేచాడు. తడి చేతులు తుడుచుకోకుండానే రోడ్డు దాటి ఆమె చేపల గంప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, మళ్లొక్కసారి చెప్పు. ఏ దిక్కు పెడల్ మార్చినవ్?"

"ఎడమ దిక్కుది. విరిగింది గదే గద!"

"మరి పాత సామాన్లోని దగ్గర తెచ్చింది ఏ దిక్కుది?"

"పెడల్‌కు దిక్కేందిరా? చెప్పులా ఏంది, ఎడమదొకటి కుడిదొకటి ఉండనీకి?"

చేప పొలుసు తీయించుకుంటూ పక్కన నిలబడ్డ నర్మద పకపకా నవ్వింది. తిరుమల్ నవ్వలేదు. అది చూసి సక్కుబాయి చేతిలోని కత్తి కూడా ఆగింది.

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్క సందు మొగదల్లో సక్కుబాయి చేపలమ్ముతుంది. మొగుడు మల్లేశ్ చీకటితోనే పెద్దచెరువులో వలలు తీస్తాడు, తెల్లారేసరికి ఈమె గంప దింపుతుంది. మాట కటువు, తూకం న్యాయం. ఏ వస్తువు పాడైనా పారెయ్యదు, సొంతంగా బాగుచేస్తుంది. మొన్న కూతురు శివాని సైకిల్‌కు ఎడమ పెడల్ విరిగితే తిరుమల్‌నే అడిగింది. పెడళ్లు జతగానే వస్తాయి, ఒక్కటి విడిగా అమ్మరు అన్నాడతను. ఒకటి విరిగితే రెండు కొనడమేమిటని అతన్ని నాలుగు మాటలని వెళ్లిపోయింది. పాత సామాన్ల దుకాణంవాడికి ఒక బొచ్చె చేప ఇచ్చి ఒక పెడల్ తెచ్చుకుంది. సొంతంగా బిగించుకున్నానని ఈ ఉదయమంతా తిరుమల్‌కు వినిపించేలా గొప్పలు చెప్పుకుంటోంది.

"ఎట్ల బిగించినవ్?" అన్నాడు తిరుమల్. గొంతు తగ్గింది.

"మొదాలు ఎక్కలే. ఒక చుట్టు తిరిగి ఆగిపాయె. ఊడదీసి మర మీద వలదారం గట్టిగ చుట్టిన. పెట్టి సుత్తితోటి దంచిన. చెంబెడు నీళ్లు పోసి పెట్టిన. తెల్లారి చూస్తే రాయి లెక్క ఉన్నది."

"నీళ్లెందుకు పోసినవ్?"

"పడవ తెడ్డు పిడి ఊగితే ఏంజేస్తం? దారం చుట్టి, దిగ్గొట్టి, నీళ్లల్ల ముంచుతం. పొద్దటికి బిగుసుకుంటది. మా అత్త నేర్పింది. నీకు తెల్వదులే."

"తెడ్డు కట్టెదక్కా. నీళ్లు తాగి ఉబ్బుతది. ఇనుము ఉబ్బుతదా?"

సక్కుబాయి కత్తిని గంప అంచున పెట్టింది.

"ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటది. నువ్వు పెట్టింది కుడిది. అందుకే ఎక్కలే. గిప్పుడు పిల్ల తొక్కిన కొద్దీ అది కొంచెం కొంచెం వెనక్కి తిరిగి బయటికొస్తది. దారమే దాన్ని పట్టుకొని ఉన్నది, మర కాదు."

"ఊడితే ఊడనియ్. తీసి సంచిల వేసుకొని నడుస్తది," అంది సక్కుబాయి. కానీ ఆ మాట ఆమె చెవికే బలంగా వినిపించలేదు.

"శివాని సైకిల్ ఎట్ల దిగుతది?"

సక్కుబాయికి కళ్లముందు కనిపించింది. అది మల్లేశ్ సైకిల్, మధ్యలో అడ్డకడ్డీ ఉన్న ఎత్తైన మగవాళ్ల సైకిల్. సీటు మీద కూర్చుంటే శివాని కాళ్లు నేలకు అందవు. అందుకని ఆగాల్సిన చోటుకు కాస్త ముందే ఎడమ పెడల్ మీద నిటారుగా లేచి నిలబడుతుంది. కుడికాలు వెనక క్యారియర్ మీదుగా ఇటు తిప్పుతుంది. ఒంటికాలి మీద అలాగే జారుకుంటూ వచ్చి చటుక్కున దిగుతుంది. తండ్రి దిగినట్టే. వాడకట్టులో అందరూ చూసి మెచ్చుకునేవాళ్లు. ఆ దిగడం చూసి మురిసిపోయిన వాళ్లలో మొదటిది సక్కుబాయే.

ఒళ్లంతటి బరువూ ఎడమ పెడల్ మీద.

"శేరిగూడ తొవ్వకే పోయిందా?" అన్నాడు తిరుమల్.

"పరీక్ష ఉన్నది గద. ప్రాక్టికల్స్. గిప్పుడే, నువ్వు ఆ ట్యూబు ఊడదీస్తుంటే పోయింది."

ఆ తొవ్వలో ఎడమ పక్కన ఏముందో ముగ్గురికీ తెలుసు. సాగర్ రోడ్డు వెడల్పు చేస్తూ, కాలువ కోసం నిలువులోతు కందకం తవ్వి వదిలేశారు. అడుగున సిమెంటు పోసి అందులో ఇనుప కడ్డీలు నిలబెట్టారు. పైన కప్పు లేదు, పక్కన గోడ లేదు. కడ్డీల మొనలన్నీ ఆకాశం వైపు చూస్తుంటాయి. పోయిన వారం ఒక మేక పిల్ల అందులో పడింది. దాన్ని బయటికి తీసిన తీరు సక్కుబాయి కళ్లారా చూసింది.

ఆమె చేతిలో ఫోన్ ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. శివాని పేరు మీద నొక్కింది. అవతల మోగింది.

తిరుమల్ చటుక్కున ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"పిచ్చా అక్కా నీకు? ఫోన్ మోగితే ఏంజేస్తది? దిగుతది! దిగితేనే ఖతం!"

"మోగింది," అంది సక్కుబాయి. "ఒక్కసారి మోగింది రా."

నర్మద నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆమె ఆ వాడకట్టు ఆశా కార్యకర్త. ఏ గర్భిణికి ఎప్పుడు నొప్పులొస్తాయోనని స్కూటీ తాళం చేతిలోనే పట్టుకుని తిరుగుతుంది. "నిలబడి ఏం జూస్తున్నవక్కా, ఎక్కు!" అని అప్పటికే బండి స్టాండు తీసింది.

"చేపలు నేను చూస్త, పో!" అన్నాడు తిరుమల్. బండి కదులుతుంటే వెనక నుంచి అరిచాడు. "పిలవకు! పక్కకు పోయి చెప్పు. ఎడమ కాలు తియ్యమను. దిగద్దను!"

బస్టాండు దాటేసరికి నర్మద అద్దంలో వెనక్కి చూసి, "అక్కా, ఆ చేపనన్న పారెయ్. నా నడుముకు రాస్తున్నవ్," అంది.

సక్కుబాయి తన చేతిని చూసుకుంది. సగం పొలుసు తీసిన చేప ఇంకా పిడికిట్లోనే ఉంది. విసిరేసింది. చేతులు చీరకు తుడుచుకుంది. జిగురు పోలేదు. మళ్లీ తుడుచుకుంది. స్కూటీ మీద ఒక పక్కకు తిరిగి కూర్చున్న ఆమెకు రోడ్డు ఎడమ అంచు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. చూడకూడదనుకున్నా అదే కనిపిస్తోంది.

"జర తేజ్ పోనీ నర్మదా."

"ముంగట బస్సున్నది. ఎగిరి దుంకాల్నా దాని మీదికెల్లి?"

"దుంకు!"

నర్మద నిజంగానే బస్సుకూ ఆటోకూ మధ్య సందులోకి బండిని దూర్చింది. ఆటోవాడు తల బయటపెట్టి ఏదో అన్నాడు. నర్మద అంతకు రెండింతలు అనేసి ముందుకు వెళ్లింది.

ఊరు వెనకపడింది. కందకం మొదలైంది.

సక్కుబాయి ఆ గోతిని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. రోడ్డు తారు ఎక్కడ ముగుస్తుందో అక్కడే మట్టి విరిగి లోపలికి జారింది. అడుగున బురద నీళ్లు. ఆ నీళ్లలోంచి కడ్డీలు వరసగా లేచి ఉన్నాయి, తుప్పు పట్టి, ఎర్రగా. ఒక్కొక్కటీ చూపుడు వేలంత లావు. బండి పోతుంటే అవి కంటి ముందు నుంచి పరుగు తీస్తున్నాయి. ఆమెకు లోపల లెక్కలేనన్ని మాటలు తిరుగుతున్నాయి. పిల్ల పొద్దున అన్నం తిన్నదా? తినలేదు. వచ్చాక తింటానంది. వచ్చాక.

దూరంగా, కడ్డీల మీద ఎర్రటి గుడ్డ.

శివాని ఈ రోజు వేసుకున్నది ఎర్ర చున్నీ. తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది.

"నర్మదా! ఆపు! ఆపవే!"

"ఏంది? ఏమైంది?"

"ఆడ... గోతిల..."

నర్మద అటు చూసింది. బండి వేగం తగ్గింది. గుడ్డ గాలికి ఊగింది. దగ్గరయ్యే కొద్దీ అది చున్నీ అంత పొడవు లేదని తెలిసింది. పనివాళ్లు ప్రమాదమని గుర్తుగా కట్టిన గుడ్డ పేలిక. కొంచెం ముందుకు ఇంకొకటి, ఆ ముందు ఇంకొకటి.

"సలాకలకు ఎర్రగుడ్డలు కట్టిన్రు. గోతికి గోడ కట్టనీకి మాత్రం చెయ్యి రాలే," అంది నర్మద. బండి మళ్లీ పరుగు లంకించుకుంది.

ఒక టిప్పర్ వాళ్లను దాటిపోయింది. దాని వెనక కంకర దుమ్ము లేచి కళ్లలో పడింది. దుమ్ము తగ్గాక చూస్తే, చాలా ముందర, రోడ్డు ఎడమ అంచునే, శివాని.

వీపు మీద నల్ల సంచి. గాలికి ఎగరకుండా నడుముకు ముడేసుకున్న ఎర్ర చున్నీ. తీరిగ్గా తొక్కుకుంటూ పోతోంది. సక్కుబాయి చూపు కూతురి ఎడమ పాదం మీదే నిలబడిపోయింది. పాదం కిందికి పోతోంది, పైకి వస్తోంది. తొక్కిన కొద్దీ వెనక్కి తిరుగుతుందన్నాడు తిరుమల్. ఒక్కో తొక్కుడుకూ ఎంత తిరుగుతుంది? వెంట్రుక వాసా? బియ్యపు గింజంతా?

శివాని ముందు స్పీడ్ బ్రేకర్ వచ్చింది.

కుదుపు తగలకుండా సీటు మీంచి లేచి నిలబడటం అందరూ చేసే పనే. శివాని లేచింది. రెండు పెడళ్ల మీద నిలబడి గట్టు ఎక్కింది. ముందు చక్రం దిగింది. వెనక చక్రం దిగింది. శివాని మళ్లీ సీటు మీద కూర్చుంది. సైకిల్ కొంచెం ఎడమకు వంకరపోయి మళ్లీ దారికొచ్చింది.

"అక్కా, నొస్తుంది. గోర్లు దిగుతున్నయ్," అంది నర్మద. ఆమె భుజంలోంచి సక్కుబాయి చెయ్యి తీయలేదు.

నర్మద బొటనవేలు హారన్ మీదికి వెళ్లింది.

"కొట్టకు!"

"కొట్టకపోతే ఎట్ల తెలుస్తది?"

"కొడితే వెనక్కి చూస్తది. చూస్తే ఆగుతది. పక్కకు పోనీ. మెల్లగ."

వెనక నుంచి కాలేజీ బస్సు ఒకటి దారిమ్మని ఆగకుండా హారన్ మోగిస్తోంది. నర్మద దానికి దారివ్వకుండా, శివానికి కుడి పక్కగా, బండిని సైకిల్‌తో సమానంగా తెచ్చింది. సక్కుబాయి ఎడమకు తిరిగి కూర్చుంది కాబట్టి కూతురి ముఖం ఎదురుగానే ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆ ముఖం వెనక కందకం.

శివాని పక్కకు చూసింది. మొదట నవ్వబోయింది. అమ్మ స్కూటీ ఎక్కడమేమిటి! మరుక్షణం ఆ నవ్వు చెదిరిపోయింది. అమ్మ జుట్టు రేగి ఉంది. ముఖంలో రక్తం లేదు. దగ్గర గంప లేదు.

"అమ్మా! బాపుకేమైంది?"

అన్నదే తడవు, శివాని ఎడమ కాలు నిటారుగా బిగుసుకుంది. సీటు మీంచి ఒళ్లు లేచింది.

"కూసో!" సక్కుబాయి అరిచిన అరుపుకు నర్మద చేతిలో బండి ఊగింది. "దిగకు! కూసోని తొక్కు!"

"బాపుకేమైంది చెప్పు!"

"ఏం గాలే. కూసో బిడ్డా."

"అబద్ధం! చెరువుల ఏమైంది? నువ్వెన్నడన్న బండెక్కినవా? ఎందుకొచ్చినవ్ మరి?" శివాని కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఈ వానాకాలం చెరువు నిండుగా ఉంది. రోజూ తండ్రి ఇంటికొచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ పైకి చెప్పని భయం ఒకటుంది. అదే ఇప్పుడు ఆ పిల్లను సీటు మీంచి లేపుతోంది. కుడికాలు పెడల్ వదిలింది. వెనక్కి తిప్పడానికి పైకి లేచింది.

పెడల్ సంగతి చెప్పడానికి సమయం లేదు. చెప్పినా నమ్మదు. బిడ్డా అని బతిమాలిన కొద్దీ ఆ పిల్ల భయం పెరుగుతోంది. బతిమాలే అమ్మను శివాని ఎన్నడూ చూడలేదు.

"మీ బాపుకేం రోగమే!" సక్కుబాయి గొంతు చించుకుంది. "దున్నపోతు లెక్క ఇంట్ల పండి గురక పెడుతుండు! వలలు గట్టున పడేసి వచ్చిండు, ఎవడు దులపాలె? వాని అవ్వ దులుపుతదా? పొద్దుగాల ఛాయిల చక్కెర తక్కువైందని గిలాస విసిరికొట్టిండు, వాని మొఖాన మన్నువడ! మీ బాపు, మీ బాపు అని ఏడుస్తున్నవ్, ఆ పనికిమాలినోనికి ఏమైతదే!"

గాలిలో లేచిన కుడికాలు అక్కడే ఆగింది.

చావుబతుకుల్లో ఉన్న మనిషిని అమ్మ ఇట్లా తిట్టదు. శివానికి ఆ సంగతి పుట్టినప్పటి నుంచి తెలుసు. కాలు తిరిగి పెడల్ మీదికి వచ్చింది. ఒళ్లు సీటు మీదికి దిగింది.

"మరెందుకొచ్చినవ్?" అంది, ఏడుపు గొంతుతోనే, కోపంగా.

"ఎడమ పెడల్ ఊడుతుంది. నేనే తప్పు బిగించిన. దాని మీద బరువెయ్యకు. ఎడమ కాలు తియ్. తీసి పైన అడ్డకడ్డీ మీద పెట్టు. ఆఁ, గట్లనే. కుడికాలుతోటి తొక్కు."

"ఆగి దిగుత."

"ఏడికెల్లి దిగుతవే? ఎడమ దిక్కు చూడు."

శివాని చూసింది. రోజూ చూసే గోతే. ఈ రోజు చూసిన చూపు వేరు. హ్యాండిల్ మీద వేళ్లు తెల్లబడ్డాయి.

"అటు చూడకు. నన్ను చూడకు. తొవ్వ చూడు. నేను పట్టుకున్న."

సక్కుబాయి ముందుకు వంగి సైకిల్ క్యారియర్ పట్టుకుంది. చేప జిగురుకు చెయ్యి జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. కొంగు చేతికి చుట్టుకుని, ఈసారి గట్టిగా పట్టింది. ఇనుము అరచేతిలో దిగింది.

ఒంటికాలితో సైకిల్ తొక్కడం తేలిక కాదు. పెడల్ కిందికి తొక్కాలి, పాదంతోనే దాన్ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవాలి, మళ్లీ తొక్కాలి. ఒక్కో తొక్కుడుకూ సైకిల్ ఒకసారి అటు, ఒకసారి ఇటు వాలుతోంది. కందకం వైపు వాలిన ప్రతిసారీ ముందు చక్రం కింద నుంచి మట్టి పెళ్ల విరిగి గోతిలో పడుతోంది. నీళ్లలో పడ్డ చప్పుడు వినిపిస్తోంది. సక్కుబాయి క్యారియర్‌ను తనవైపు లాగుతూ, ముందుకు నెడుతూ, స్కూటీ మీద సగం గాల్లో ఉంది. వెనక బస్సు హారన్ ఆగలేదు.

"వాన్ని కొంచెం ఆగమనవే నర్మదా!"

నర్మద వెనక్కి తిరక్కుండానే ఒక చెయ్యి పైకెత్తి ఊపింది. బస్సు డ్రైవరుకు ఏమర్థమైందో, హారన్ ఆగింది. బస్సు వాళ్ల వెనకే, వెనకొచ్చే బండ్లన్నిటికీ అడ్డంగా, మెల్లగా నడవడం మొదలుపెట్టింది.

"గోతి ఏడిదాంక ఉన్నది?" అంది సక్కుబాయి.

"ఆ పెట్రోలు బంకు కాడ అయిపోతది. ఆడ చదునుగ ఉన్నది."

బంకు కనిపిస్తోంది. దగ్గరవడం లేదు.

"అమ్మా," అంది శివాని. "కుడిది గూడ..."

"నోరు మూసుకొని తొక్కు!"

శివాని నోరు మూసుకుంది. తొక్కింది.

అప్పుడే ఊడింది. ఎవరూ దాన్ని తాకలేదు, దాని మీద ఎవరి బరువూ లేదు. ఎడమ పెడల్ తనంతట తాను వంగి, కిందికి వేలాడి, తడి దారం తోకతో సహా జారిపోయింది. తారు మీద ఒకసారి ఎగిరి, అంచు దాటింది. కడ్డీల మధ్య పడుతూ ఖణేల్ ఖణేల్‌మని మోగింది. చివరికి బురదలో మెత్తగా ఒక చప్పుడు, అంతే.

శివాని కుడికాలు తొక్కడం ఆపేసింది.

"తొక్కు బిడ్డా," అంది సక్కుబాయి. ఈసారి అరవలేదు. "తొక్కు. అయిపోయింది. ఇగో, వచ్చేసినం."

కందకం ముగిసింది. పెట్రోలు బంకు ముందు చదునైన నేల మీదికి సైకిల్, స్కూటీ పక్కపక్కనే దిగాయి. స్కూటీ ఆగకముందే సక్కుబాయి దూకింది. తూలి, నిలదొక్కుకుని, క్యారియర్‌ను రెండు చేతులా పట్టుకుని సైకిల్‌తో పాటు పరుగెత్తింది. "నా మీదికి ఒరుగు! ఇటు దిక్కు! కుడి దిక్కు!" శివాని ఎన్నడూ ఆ పక్కకు దిగలేదు. కళ్లు మూసుకుని కుడివైపుకు వాలిపోయింది. పిల్ల, సైకిల్, సంచి అన్నీ కలిసి సక్కుబాయి మీద పడ్డాయి. ఆమె వెల్లకిలా పడింది. మోచేతులు గీసుకుపోయాయి. లేవలేదు. కూతురి తలను రొమ్ముకు అదిమిపట్టి అలాగే ఉండిపోయింది.

కాలేజీ బస్సు పక్క నుంచి వెళ్తూ నెమ్మదించింది. కిటికీల్లోంచి పిల్లలు తలలు బయటపెట్టి చూశారు. డ్రైవరు కిందికి చూసి, పిల్ల కదులుతోందని రూఢి చేసుకుని, బండి ముందుకు పోనిచ్చాడు.

నర్మద వచ్చి మొదట శివాని కాళ్లు, చేతులు, తల తడిమింది. తరువాత సక్కుబాయి మోచేతులు చూసింది. "తల్లికే తగిలింది. మంచిగైంది, ఇంకోసారి సుత్తి పట్టదు," అంది. నవ్విద్దామనే అంది. తనూ అక్కడే నేల మీద కూలబడింది.

శివాని లేచి కూర్చుంది. చున్నీ విప్పి ముఖం తుడుచుకుంది. "పరీక్ష, అమ్మా," అంది.

"నర్మద దింపుతది. ఉండు. జరసేపు ఉండు." సక్కుబాయి ఆమె మణికట్టు పట్టుకుని ఉంది.

"ఫోన్ చేసినవా? సంచిల ఒక్కసారి మోగినట్టు అనిపించింది. దిగుదామనే అనుకున్న. గోతి మొదలైంది గద, అవతలికి పోయినంక చూద్దాంలే అని..."

సక్కుబాయి వినకూడదనుకున్నది విన్నట్టు తల అడ్డంగా ఊపింది. మాట మార్చడానికే సైకిల్ వైపు చూసింది. ఎడమ వైపు, క్రాంకు అనే ఆ ఇనుప చెయ్యి ఒంటరిగా వేలాడుతోంది. దాని చివర ఖాళీ రంధ్రం. అంచులో దారం పోగు ఒకటి.

"ఇందాక చెప్పబోతివి గద," అంది. "కుడిది గూడ అన్నవ్. ఏంది?"

"ఏం లే."

"చెప్పు."

"కుడి దిక్కు నిన్నటి సంది టక్కు టక్కుమంటుంది. తొక్కితే ఊగుతుంది. పెడల్ కాదు, ఈ కాడ మొత్తం."

సక్కుబాయి కూతురి చెయ్యి వదలకుండానే సైకిల్ దగ్గరికి జరిగింది. కుడి క్రాంకును పట్టుకుని కదిపింది. అది పన్ను ఊగినట్టు ఊగింది. ఆ ఇనుప చేతినీ, మధ్యలోని ఇరుసునూ కలిపి పట్టి ఉంచేది అడ్డంగా దిగ్గొట్టిన చిన్న చీల ఒక్కటే. దాని చివర బిగించి ఉండాల్సిన నట్టు లేదు. చీల సగానికి పైగా బయటికి వచ్చేసి ఉంది. సక్కుబాయి రెండు వేళ్లతో పట్టుకుంది. లాగలేదు కూడా. చేప ముల్లు వచ్చినంత సులువుగా అది చేతిలోకి వచ్చేసింది. క్రాంకు పళ్లచక్రంతో సహా ఇరుసు మీంచి జారి మట్టిలో పడింది.

ఇంతసేపూ కుడికాలు మీదే తొక్కమని అరిచింది తనే. చెప్పబోతే నోరు మూయించింది తనే. కందకం పొడవునా పిల్ల బరువంతా ఈ చీల మీదే వేయించింది.

"నిన్నటి సంది?" అంది. "నిన్నటి సంది తెలిసి ఎందుకు చెప్పలే?"

శివాని నేల చూసింది. "నువ్వు ఎడమది పెట్టి మస్తు ఖుషీగుంటివి. అందరికీ చెప్పుకుంటుంటివి. ఇదొకటి చెప్తే మళ్ల తిరుమల్ మామ కాడికి పోవాలె, మళ్ల మీ ఇద్దరికి లొల్లి. ఎట్లనో నడుస్తుంది గద అని ఊకున్న."

"భయం కాలే?"

"అయింది."

"మరి?"

శివాని భుజాలెగరేసింది.

నర్మద బండి స్టార్ట్ చేసింది. "దా పొల్లా, ఇంకా ఆలస్యమైతే లోపలికి రానియ్యరు. అక్కా, చెయ్యిడువు."

సక్కుబాయి వదలాలనే అనుకుంది. వేళ్లు విచ్చుకోలేదు. నర్మద దిగి వచ్చి ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది. శివాని మణికట్టు మీద ఐదు వేళ్లూ ఎర్రగా పడి ఉన్నాయి, పొలుసులు అంటుకుని.

స్కూటీ మీద కూర్చోబోతున్న కూతుర్ని సక్కుబాయి పిలిచింది. గట్టిగా పిలవాలంటే భయమేసింది, మెల్లగా పిలిచింది.

"శివానీ. నాకు చెప్పనిది ఇంకేమన్న ఉన్నదా?"

శివాని వెంటనే లేదనలేదు. మట్టిలో పడి ఉన్న సైకిల్‌ను ఒకసారి చూసింది. ఆమె చూపు హ్యాండిల్ మీద, ముందు బ్రేకు దగ్గర, కాసేపు ఆగింది.